ఇంటి మీద సోలార్: వెండర్ చెప్పే "జీరో బిల్లు" ఎంతవరకు నిజం?

మౌలాలి_మేడ
మాది హైదరాబాద్ మౌలాలిలో జీ ప్లస్ వన్ సొంత ఇల్లు. కింద మేము, పైన అద్దెకిచ్చాం. మీటర్లు రెండూ వేరు. మా మీటరు ఎండాకాలం 400 యూనిట్లు దాటుతుంది, ఏసీలు రెండున్నాయి. చలికాలం 200 అటూ ఇటూ. మొన్న ఒక వెండర్ వచ్చి టెర్రస్ కొలిచి, "5 కిలోవాట్లు వేయించుకోండి మేడమ్, మీదీ పైవాళ్లదీ రెండు బిల్లులూ జీరో, మిగిలిన కరెంటు అమ్ముకుంటే నెలనెలా ఆదాయం" అని చెప్పి మూడు లక్షల పాతిక వేలకు కొటేషన్ చేతిలో పెట్టాడు. మా ఆయన అడ్వాన్స్ ఇచ్చేద్దాం అంటున్నారు. నాకు ఆ ఆదాయం అన్న మాట దగ్గరే అనుమానం. ఇప్పటికే వేయించుకున్నవాళ్లు అసలు సంగతి చెప్పండి. వెండర్లు దయచేసి ఇన్‌బాక్స్‌కి రావొద్దు.

వీధి_లైటు
రావొద్దన్నారుగా, ఈపాటికి నలుగురు వచ్చేసి ఉంటారు.

యూనిట్_లెక్కలు
ముందు రెండు మీటర్ల సంగతి. నెట్ మీటర్ (మనం లైన్ నుంచి తీసుకున్నదీ, సోలార్ నుంచి లైన్‌కి పంపిందీ రెండూ లెక్కేసే మీటరు) ఒక సర్వీస్ కనెక్షన్‌కి పెడతారు. మీ మీటరుకు కలిపిన ప్యానెళ్ల కరెంటు మీ బిల్లులోనే తగ్గుతుంది, పైవాళ్ల బిల్లులో కాదు. ఆ ముక్క వెండర్‌కి తెలియక కాదు.

ఇక లెక్క. మన దగ్గర కిలోవాటుకు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు వేసుకోండి. 3 కిలోవాట్లకి నెలకు 360. మీరు 420 యూనిట్లు కాల్చిన నెలలో స్లాబులు ఇలా పడతాయి: మొదటి 200కి 5.10 చొప్పున 1020, తర్వాతి వందకి 7.70 చొప్పున 770, ఆ తర్వాత వందకి 9 చొప్పున 900, మిగతా 20కి 9.50 చొప్పున 190. మొత్తం 2880, పైన ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ. సోలార్ 360 పోతే నికరంగా మిగిలేది 60 యూనిట్లు. వంద లోపు స్లాబులో అది 130 రూపాయల లోపే. అంటే సోలార్ ముందు మీ ఖరీదైన యూనిట్లనే కొట్టేస్తుంది. అసలు లాభం అక్కడే ఉంది.

అదే 180 యూనిట్లు కాల్చే నెలలో మీ బిల్లు 724. దాన్ని జీరో చేసినా మిగిలేది ఆ 724 మాత్రమే. పన్నెండు నెలలూ ఎండాకాలం బిల్లుతో గుణించి "మూడేళ్లలో పెట్టుబడి వాపస్" అని కాగితం మీద వేసిచ్చే వెండర్‌ని నమ్మకండి.

కాప్రా_కిరణ్
పైన చెప్పిందానికి ఒకటి కలుపుతా. 200 యూనిట్లయితే 820 రూపాయలు, 201 అయితే 1027. ఒక్క యూనిట్ తేడాకి రెండొందల పైన. మా ఇంట్లో నెలాఖరున గీజర్ ఆన్ చేస్తే మా నాన్న మీటరు దగ్గర నిలబడేవారు. సోలార్ వచ్చాక ఆ టెన్షన్ పోయింది. డబ్బు సంగతెలా ఉన్నా ఇంట్లో గొడవలు తగ్గాయి.

మౌలాలి_మేడ
@యూనిట్_లెక్కలు చాలా థాంక్స్ అండి. ఇంకో తమాషా ఏంటంటే పైవాళ్లకి గృహజ్యోతి ఉంది. 200 లోపే కాలుస్తారు, వాళ్లకి ఇప్పటికే జీరో బిల్లు.

వీధి_లైటు
జీరో వచ్చేవాళ్లకి జీరో చేసి పెడతానన్నాడంటే వెండర్ మహానుభావుడే.

సైనిక్‌పురి_సాంబారు
గృహజ్యోతి ఉన్న ఇంటికి సోలార్ దండగ. తెల్లకార్డు ఉండి 200 లోపు కాలిస్తే ప్రభుత్వమే కడుతోంది. మా పనమ్మాయి వాళ్ల బస్తీలో కూడా ఎవరో తిరిగి "ఫ్రీ సోలార్" అని అప్లికేషన్లు రాయించుకున్నారట. కేంద్రం సోలార్ పథకం 'పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ' పేరులో ముఫ్త్ అని ఉన్నంత మాత్రాన ప్యానెళ్లు ముఫ్త్ రావు. ముందు మనం కట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది.

యూనిట్_లెక్కలు
సబ్సిడీ గురించి గందరగోళం ఎక్కువ కాబట్టి చెప్తున్నా. పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకి ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు. అక్కడితో ఆగిపోతుంది. 3 వేసినా 5 వేసినా 10 వేసినా 78 వేలే. మీ వెండర్ 5 అన్నాడంటే చివరి రెండు కిలోవాట్లు పూర్తిగా మీ జేబులోంచే. వాటి కరెంటు మీ ఇంట్లో ఖర్చు కాదు, గ్రిడ్‌కి పోతుంది. ఆ మిగులుకి మీకు దక్కేది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, సగటున కరెంటు కొనే ధర, మీ దగ్గర వసూలు చేసే 9 రూపాయలు కాదు. "ఆదాయం" అన్నది ఇదే.

బోడుప్పల్_బాబాయ్
నేను 5 వేయించిన. మస్తు ఖుషీగా ఉన్న. మా ఇంట్లో ఏసీలు మూడు, ఈవీ కారు ఒకటి, బోరు మోటారు. అందరికీ 3 సరిపోతదని చెప్పుడు కరెక్ట్ కాదు.

యూనిట్_లెక్కలు
@బోడుప్పల్_బాబాయ్ అన్నా, మీ వాడకానికి 5 కరెక్టే. నేను చెప్పింది ఏడాది మొత్తం మీద మూడు వేల చిల్లర యూనిట్లు కాల్చే ఇంటి గురించి.

కాప్రా_కిరణ్
ఆ లెక్కన మౌలాలి మేడమ్‌కి 2 కిలోవాట్లే చాలు కదా? నెలకు 240 వస్తాయి. 420 కాల్చే నెలలో 180కి దిగుతుంది, 724 బిల్లు. చలికాలం మొత్తం కవర్. పెట్టుబడిలో సబ్సిడీ వాటా కూడా 2కే ఎక్కువ.

బోడుప్పల్_బాబాయ్
రెండు పెట్టి రేపు ఈవీ స్కూటర్ కొంటే? మళ్లా వెండర్‌ని పిలిచి ఒక్క కిలోవాట్ కలపమంటే ఎవడొస్తడు? పైగా సోలార్ ఇన్వర్టర్ మార్చాలె. చేసేటప్పుడే 3 చేసుకోవాలె.

యూనిట్_లెక్కలు
ఇందులో ఇద్దరిదీ నిజమే. లాభం శాతం చూస్తే 2 నయం, ముందు చూపు చూస్తే 3. నన్నడిగితే 3కే ఓటు. కానీ ఒక మెలిక ఉంది. మిగులు యూనిట్లు ముందు నెలలకి జమ అవుతాయి కానీ ఎప్పటికీ ఉండవు. ఆరు నెలలకోసారి, జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి సెటిల్ చేస్తారు. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో మిగిలినవి ఏప్రిల్, మే ఏసీలకి పనికొస్తాయి. అక్టోబర్, నవంబర్‌లో మిగిలినవి వచ్చే ఎండాకాలానికి దాచుకుందామంటే కుదరదు.

తార్నాక_తాళింపు
అబ్బ, ఈ ముక్క మా వెండర్ చెప్పనే లేదు. డిసెంబర్ తర్వాత జమ యూనిట్లు ఎక్కడికి పోయాయని నేనూ మా ఆవిడా బిల్లు పట్టుకుని తలకిందులయ్యాం.

ఆస్టిన్_అల్లుడు
అత్తగారిల్లు వనస్థలిపురంలో, నేనుండేది టెక్సస్‌లోని ఆస్టిన్. ఇక్కడ కరెంటు ఇచ్చేది ప్రైవేటు కంపెనీ కాదు, రాష్ట్రమూ కాదు, సిటీనే. ఆస్టిన్ ఎనర్జీ అని నగరపాలక సంస్థ సొంత విభాగం. రేట్లు తేల్చేది సిటీ కౌన్సిల్. ఇక్కడి పద్ధతి మీదానికి పూర్తిగా వేరు. 2012 నుంచి నెట్ మీటరింగ్ తీసేసి "వాల్యూ ఆఫ్ సోలార్" అని పెట్టారు. ఇంట్లో కాల్చిన ప్రతి యూనిట్‌కీ మామూలు స్లాబు ప్రకారం బిల్లు వేస్తారు. ప్యానెళ్లు తీసిన ప్రతి యూనిట్‌కీ విడిగా ఒక రేటు కట్టి అందులోంచి తగ్గిస్తారు. ఆ రేటు కూడా సోలార్ వల్ల యుటిలిటీకి ఎంత కలిసొస్తుందో లెక్కేసి నిర్ణయించేది.

మీ పద్ధతిలో ఒక యూనిట్ ఆదా అయితే దాని విలువ మీ పై స్లాబు ధర. ఎక్కువ కాల్చేవాడికి ఎక్కువ లాభం. ఇక్కడ అందరికీ ఒకటే. మా అత్తగారు "మీ దగ్గరే నయం కదా" అంటారు కానీ ఎండాకాలం బిల్లు లెక్కన చూస్తే హైదరాబాద్ పద్ధతే ఇంటివాడికి కలిసొస్తుంది. పైగా ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 30 శాతం పన్ను రాయితీ 2025 డిసెంబర్‌తో ఆగిపోయింది.

వీధి_లైటు
అంటే మన దగ్గర కూడా కార్పొరేషన్ కరెంటు ఇస్తే? రోడ్డు తవ్వి వదిలేసినట్టు వైరు వేసి వదిలేస్తారు.

మల్లెపూల_మేష్టారు
నవ్వకండి, మన దేశంలోనూ ఉన్నాయి. ముంబైలో బస్సులు నడిపే బెస్ట్ మున్సిపల్ సంస్థే, దక్షిణ ముంబైకి కరెంటు ఇచ్చేదీ అదే. కేరళలో త్రిస్సూరు పాత పట్టణానికి కార్పొరేషనే సొంతంగా సరఫరా చేస్తుంది.

పాత_ఫ్యూజు
కరెంటు శాఖలో రిటైర్ అయినవాణ్ని. మన నగరంలో ఒకప్పుడు కరెంటు అంటే హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే పవర్ హౌస్. నిజాం కాలంలో కట్టింది. ఇప్పుడు ఆ జాగాలో సినిమా చూసి, ఐస్‌క్రీమ్ తిని వస్తున్నారు.

అసలు విషయానికి వస్తా. ఇందాకటి నుంచి అందరూ బిల్లు గురించే మాట్లాడుతున్నారు, కరెంటు పోయినప్పటి సంగతి ఎవరూ అడగలేదు. మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైన్‌కి కలిపిన, బ్యాటరీ లేని) సోలార్ ఉంటే, లైన్‌లో కరెంటు పోగానే మీ ప్యానెళ్లు కూడా ఆగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. అది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. లైన్‌మన్ స్తంభమెక్కి లైన్ చచ్చిందనుకుని చెయ్యి పెడతాడు. అప్పుడు మీ ఇంటి నుంచి కరెంటు వెనక్కి వస్తే మనిషి పోతాడు. అందుకే సోలార్ ఇన్వర్టర్ గ్రిడ్ కనపడకపోతే తనంతట తానే ఆగిపోతుంది. పవర్ కట్‌లో కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ తీసుకోవాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. ఇంట్లో ఇప్పటికే ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్‌కి సోలార్ లైన్ కలిపేస్తానని లోకల్ ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోకండి.

ఎర్తింగ్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఇంటి కరెంటు (ఏసీ) వైపు, ప్యానెళ్ల కరెంటు (డీసీ) వైపు, పిడుగు రాడ్డుకి మూడూ వేరువేరు గుంతలుండాలి. ఒకే గుంతలో మూడు తీగలు కట్టి ఫోటో తీసుకుపోయే వెండర్లను చూశాను.

మౌలాలి_మేడ
కరెంటు పోతే సోలార్ కూడా పోతుందా? ఇది మాకసలు చెప్పలేదు సార్. మా ఆయన ఆ ఒక్కదానికే వేయించుకుందామన్నారు!

బోడుప్పల్_బాబాయ్
ఫస్ట్ వానకు మా ఇంట్ల కూడా ఇదే పంచాయితీ. రెండు లక్షలు పెట్టి కొవ్వొత్తి ముట్టించాలా అని మా అమ్మ అడిగింది.

ఉప్పల్_ఊసులు
నా అనుభవం చెప్తా, పేరు చెప్పను. ఒక వెండర్‌తో 3 కిలోవాట్లకి మాట్లాడుకున్నా. మిగతావాళ్ల కంటే ముప్పై వేలు తక్కువ కోట్ చేశాడు. ప్యానెళ్లు వచ్చిన రోజు మేడ మీదకి ఎక్కి వెనక వైపు స్టిక్కర్ చూశా. ఆ కంపెనీ పేరు ఎప్పుడూ విన్నది కాదు, డీసీఆర్ అన్న మాట ఎక్కడా లేదు. సూర్యఘర్ సబ్సిడీ రావాలంటే సెల్స్ కూడా మన దేశంలో తయారైన డీసీఆర్ ప్యానెళ్లే ఉండాలి. అడిగితే "సబ్సిడీ నేను చూసుకుంటా సార్" అన్నాడు. లారీలోంచి దించనివ్వలేదు. అడ్వాన్స్ తిరిగి రావడానికి చెప్పులరిగాయి.

కాబట్టి కొటేషన్‌లోనే ప్యానెల్ బ్రాండు, మోడల్, డీసీఆర్ అని రాయించుకోండి. సీరియల్ నంబర్లు బిగించకముందే ఫోటో తీసుకోండి. ఒకసారి స్ట్రక్చర్ మీద ఎక్కాక కిందకి దూరి స్టిక్కర్ చదవడం మన వల్ల కాదు.

తార్నాక_తాళింపు
ఇంకోటి. వెండర్ సూర్యఘర్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూసుకోవాలి. అక్కడ లేనివాడితో చేయిస్తే సబ్సిడీ రాదు. రిజిస్టర్డ్ వెండర్ అయితే 5 ఏళ్ల మెయింటెనెన్స్ కూడా వాడి బాధ్యతే.

పాత_ఫ్యూజు
మౌలాలి అమ్మాయ్, మీటరు ఎవరి పేరు మీద ఉంది?

మౌలాలి_మేడ
మా మామగారి పేరు మీద సార్. ఆయన పోయి చాలా కాలమైంది. బిల్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే వస్తోంది, మేమూ మార్చలేదు.

పాత_ఫ్యూజు
అయితే వెండర్ సంగతి తర్వాత, ముందు పేరు మార్పించండి. సర్వీస్ ఎవరి పేరు మీద ఉంటే సబ్సిడీ దరఖాస్తు వాళ్ల పేరు మీదే, బ్యాంకు ఖాతా కూడా వాళ్లదే కావాలి. మన ఊళ్లో సగం మీటర్లు ఇలా పోయినవాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. డెత్ సర్టిఫికెట్, వారసుల కాగితం, ఇంటి పత్రాల నకలు పట్టుకుని వెళ్లాలి. కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. పనయ్యాక కొత్త పేరుతో బిల్లు చేతికొచ్చిందాకా అడ్వాన్స్ ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

సైనిక్‌పురి_సాంబారు
లోడ్ కూడా పెంచుకోవాలంటారు కదా? మాది 2 కిలోవాట్ల లోడే.

పాత_ఫ్యూజు
10 కిలోవాట్ల వరకు ఫీజిబిలిటీ స్టడీ (లైన్ తట్టుకుంటుందా లేదా అని చూసే పరిశీలన) అక్కర్లేదని 2024లో కేంద్రం నిబంధనలు మార్చింది. ప్లాంటుకు తగ్గట్టు లోడ్ డిస్కం వాళ్లే సర్దుతారు. అంతకుముందు ఇదో పెద్ద తలనొప్పి.

కూకట్‌పల్లి_ఫ్లాటు
సొంత ఇల్లున్నవాళ్లంతా హాయిగా మాట్లాడుకుంటున్నారు. మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. టెర్రస్ కామన్. నేను మా ఫ్లాటుకి 2 కిలోవాట్లు పెట్టుకుంటానంటే "అందరూ అడిగితే జాగా ఎక్కడిది?" అని అసోసియేషన్ మీటింగ్‌లో కొట్టుకున్నంత పని చేశారు. పెంట్‌హౌస్ వేసుకుని సగం టెర్రస్ ఆక్రమించినాయనే అందరికంటే గట్టిగా అరిచాడు.

యూనిట్_లెక్కలు
అపార్ట్‌మెంట్‌కి తెలివైన దారి కామన్ మీటరు. లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లు. సొసైటీలకి కామన్ సౌకర్యాల కోసం కిలోవాటుకి 18 వేల సబ్సిడీ ఉంది. మెయింటెనెన్స్ తగ్గుతుందంటే పెంట్‌హౌస్ ఆయన కూడా చెయ్యెత్తుతాడు. జాగా లెక్క మాత్రం కిలోవాటుకి వంద చదరపు అడుగులు వేసుకోండి. ట్యాంకు నీడ, లిఫ్ట్ గది నీడ పడని చోటు కావాలి.

కాప్రా_కిరణ్
నీడ అంటే గుర్తొచ్చింది. పక్కింటివాళ్లు తర్వాత ఇంకో అంతస్తు లేపితే మన ప్యానెళ్ల గతి అంతే. దక్షిణం వైపు ఖాళీ ప్లాటు ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

మామిడి_తాండ్ర
కడగడం గురించి ఎవరూ రాయలేదేంటి? మాది నాచారం, ధూళికి కొదవలేదు. దుమ్ము ప్యానెల్ మొత్తం సమానంగా పడితే కొంచెమే తగ్గుతుంది. అసలు తంటా చిన్న చినుకు పడ్డాక. దుమ్మంతా కారి కింది ఫ్రేము అంచు దగ్గర ఆగి, ఎండి, రెండు వేళ్ల మందాన మట్టి పట్టీలా గట్టిపడుతుంది. ఆ వరసలో ఉన్న సెల్స్ అన్నిటికీ నీడ. మొబైల్ యాప్‌లో యూనిట్లు పడిపోతాయి, పైనుంచి చూస్తే ప్యానెళ్లు శుభ్రంగానే కనిపిస్తాయి. ఆ అంచు ఒక్కటి మెత్తటి బ్రష్‌తో గీకితే చాలు.

బోరు నీళ్లతో కడగొద్దు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరాక తెల్లటి చారలు పడతాయి, మళ్లీ పోవు. నల్లా నీళ్లు పట్టి తెల్లవారుజామున కడగండి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు అసలొద్దు.

బోడుప్పల్_బాబాయ్
పావురాల సంగతి కూడా చెప్పు తాండ్రా. ప్యానెల్ కింద గూడు పెట్టినయ్. నెల రోజులు ఇంట్లో అందరం వాటి కాన్పుకి కాపలా.

సైనిక్‌పురి_సాంబారు
మా దగ్గర పావురాలు కాదు, కోతులు. డీసీ కేబుల్ పట్టుకుని ఊగుతాయి. వైరు మొత్తం జీఐ పైపులో వేయించుకోండి, ప్లాస్టిక్ పైపు వాటికి ఆటవస్తువు.

తార్నాక_తాళింపు
సంక్రాంతికి పిల్లలు గాలిపటాల కోసం ప్యానెల్ మీద ఎక్కకుండా చూసుకోవడం నాకు ఇంకా పెద్ద పని.

ఆస్టిన్_అల్లుడు
వానాకాలం ఎంత వస్తోంది అక్కడ? అత్తగారింటికి వేయించాలా వద్దా అని తేల్చుకోవాలి.

మామిడి_తాండ్ర
జులై, ఆగస్టు ముసురు పట్టిన వారాల్లో కిలోవాటుకి రోజుకు మూడు కూడా రావు. కొన్ని రోజులు ఒకటే. మే నెలలో ఇరగదీస్తుందనుకున్నా కానీ ప్యానెల్ మరీ వేడెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. మా ఇంట్లో మార్చి బాగా వస్తుంది.

కాప్రా_కిరణ్
నెట్ మీటర్ పెట్టాక మొదటి రెండు మూడు బిల్లులు కళ్లు పెట్టి చూడండి. ఇంపోర్ట్ (మనం తీసుకున్నది), ఎక్స్‌పోర్ట్ (మనం పంపింది) అని రెండు రీడింగులుంటాయి. బిల్లు తీసే అబ్బాయి కొత్తవాడైతే ఒక్క ఇంపోర్టే ఎక్కించి పోతాడు. ఆయన వచ్చే సమయానికి మీటరు డిస్‌ప్లే ఫోటో తీసి పెట్టుకోండి. తేడా వస్తే 1912కి ఫోన్, అక్కడ తెగకపోతే వినియోగదారుల ఫోరం ఉంది.

మౌలాలి_మేడ
మా ఆయనకి మొత్తం చదివి వినిపించా. 5 కిలోవాట్లు క్యాన్సిల్, బ్యాటరీ ఇప్పుడు వద్దు, ఉన్న ఇన్వర్టర్‌తో లాగిస్తాం. పేరు మార్పు అయ్యాక 3 వేయిస్తాం. ఒక్క సందేహం మిగిలింది. టెర్రస్ మీద బట్టలు, వడియాలు, పైవాళ్ల పిల్లల ఆటలు అన్నీ అక్కడే. ప్యానెళ్లు ఎత్తులో పెట్టించుకుంటే కింద జాగా మిగులుతుందంటున్నారు. ఎనిమిది అడుగుల స్ట్రక్చర్ గాలికి ఆగుతుందా?

పాత_ఫ్యూజు
ఆగుతుంది, సరిగ్గా చేస్తే. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానలకి రేకులు లేచిపోవడం చూస్తూనే ఉంటాం కదా, ప్యానెల్ కూడా రేకు లాంటిదే. హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి తీసిన ఉక్కు వాడాలి. ఇనప పైపుకి వెండి రంగు పూసి అదే అంటారు, గోకి చూడండి. కాళ్లకి కాంక్రీట్ దిమ్మెలు వేయించండి, స్లాబుకి బెజ్జాలు పెడితే వానాకాలం కారడం ఖాయం. ఎత్తు పెంచితే పదిహేను ఇరవై వేలు అదనంగా అడుగుతాడు, అది కొటేషన్‌లోనే రాయించండి.

కూకట్‌పల్లి_ఫ్లాటు
కడగడానికి నిచ్చెన, పైన నడిచే పట్టీ కూడా రాయించండి మేడమ్. మా ఫ్రెండ్ ఇంట్లో ఎత్తుగా అందంగా కట్టారు, కడగడానికి ఎక్కే దారి మర్చిపోయారు.

ఉప్పల్_ఊసులు
డబ్బు కూడా విడతల్లో ఇవ్వండి. సామాను దిగాక కొంత, బిగించాక కొంత, చివరి పది శాతం నెట్ మీటర్ తిరిగాకే.